ముసురుకు నిలిచిన మంద: పాలమూరు తండాల్లో, పెంటల్లో పెరటి కోడి చరిత్ర

గద్వాల కోట గురించి పుస్తకాలున్నాయి. వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల గురించీ ఉన్నాయి. మన తండాల గురించి, చెంచు పెంటల గురించి, ఎరుకల వాడల గురించి రాసింది తక్కువ. రాసినదాంట్లో కూడా పండుగలు, పాటలు, బట్టలు, నగలు కనిపిస్తాయి గానీ ఇంటి వెనక తిరిగే కోడిపెట్ట కనిపించదు. అయితే మన అమ్మమ్మలు, నానమ్మలు తమ చేతి డబ్బు అని చెప్పుకోగలిగింది చాలాసార్లు ఆ పెట్ట నుంచే వచ్చింది. పలక కొనడానికి, పట్నంలో దవాఖానకు పోవడానికి, ఇంటికొచ్చిన అల్లుడికి కూర వండడానికి ఎవరినీ అడగనక్కరలేని ఆస్తి అది. అందుకే ఈ సంచికలో మన యువతకు పెరటి కోడి చరిత్ర చెప్పాలనుకున్నాం. అందులోనూ దానికి గడ్డుకాలమైన వానల చలికాలంలో మనవాళ్ళు దాన్ని ఎలా నిలబెట్టుకొచ్చారో చెప్పాలనుకున్నాం.

అడవి నుంచి గడపకు

ఇవాళ ప్రపంచంలో ఉన్న కోళ్ళన్నింటికీ మూలం ఎర్ర అడవికోడి. 1868లో చార్లెస్ డార్విన్ ఈ మాట రాశాడు. 2020లో వందల కోళ్ళ జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు కూడా అదే తేల్చారు. చైనా నైరుతి భాగం, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల అడవికోడి మన పెరటి కోడికి అన్నింటికన్నా దగ్గరి బంధువు అని వారు గుర్తించారు. మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన కోడి ఎముకలు సుమారు 3,300 నుంచి 3,600 ఏళ్ళ నాటివి. మనిషి చెంత బతికిన కోడికి ఇప్పటికి దొరికిన పాత సాక్ష్యాల్లో అవి ముఖ్యమైనవి. మనిషి వరి, చిరుధాన్యాలు పండించడం మొదలుపెట్టాక రాలిన గింజ కోసం అడవికోడి పొలం అంచుకు వచ్చిందని, అలా మెల్లగా మచ్చికైందని 2022లో వచ్చిన పరిశోధన చెప్పింది.

దక్షిణ భారతానికీ ఇందులో వాటా ఉంది. చాలా కోళ్ళ కాళ్ళకు ఉండే పసుపు రంగు మన దక్కను అడవుల్లోని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో జన్యు పరిశోధన తేల్చింది. అంటే అమెరికాలో ఫారం కోడి కాలి పసుపు రంగులో కూడా మన అడవుల జాడ ఉందన్నమాట.

ఈ కథలో మనం గమనించాల్సింది ఒకటుంది. కోడిని ఎవరూ వల వేసి తెచ్చి కట్టేయలేదు. గింజ దొరికే చోటికి అదే వచ్చింది. నిలకడగా ఉన్న ఊరు, రాలిన గింజ, రాత్రికి కాపు, ఈ మూడూ ఉన్నచోట కోడి నిలుస్తుంది. మన మూడు జిల్లాల్లో గిరిజన సమూహాల చరిత్రను ఈ మూడింటితో కలిపి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

మూడు సమూహాలు, మూడు దారులు

లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కను అంతటా తిరిగిన వర్తకులు. మొఘలుల సైన్యాలకు, దక్కను రాజుల సైన్యాలకు తిండిగింజలు మోసింది మన బిడారులే. అప్పుడు మన ఆస్తి గిట్టల మీద నడిచేది. 19వ శతాబ్దంలో రైళ్ళు, రోడ్లు వచ్చాక ఆ వర్తకం పోయింది. బిడారు ఆగినచోట తండా నిలిచింది. తండా నిలిచాక పెరడు వచ్చింది, పెరడుతోపాటు కోడికీ చోటు దొరికింది. ఆషాఢంలో జరిపే సీత్లా భవాని పండుగ చూడండి. పశువులకు, పిల్లలకు రోగాలు రాకూడదని వానల మొదట్లోనే మొక్కుకుంటాం, కోడిని సమర్పిస్తాం. వానాకాలం, చలికాలం జీవాలకు గండం అని తెలిసినవాళ్ళే ఆ పండుగను ఆ నెలలో పెట్టుకుంటారు.

నల్లమల చెంచుల దారి వేరు. 1940లో క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వారి మీద పుస్తకం అచ్చు వేయించాడు. దుంపలు తవ్వడం, తేనె తీయడం, పండ్లు ఏరడం, వేట, ఇదీ ఆయన చూసిన బతుకు. అడవి తిండి ఇచ్చినంత కాలం కోడి మీద ఆధారపడాల్సిన పని చెంచులకు అంతగా రాలేదు. వాళ్ళకు తోడు కుక్క. తర్వాత పులుల సంరక్షణ పేరుతో, అటవీ చట్టాల పేరుతో అడవిలో రాకపోకలకు హద్దులు పడ్డాయి. వేట పోయింది. అప్పుడు పెంటలో నాలుగు కోళ్ళు ఉండడం చిన్న విషయం కాకుండా పోయింది. అయితే అడవిపిల్లి, ముంగిస, గద్ద, పాము ఉన్నచోట కోడిని కాపాడడం మైదానంలో కన్నా కష్టం.

ఎరుకలవారు లేకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఈత బరిగెలతో, వెదురుతో వారు అల్లిన గంపే పల్లెల్లో కోడికి ఇల్లు. తల్లిని, పిల్లలను రాత్రి మూసిపెట్టేది ఆ గంప కిందే. సందుల్లోంచి గాలి ఆడుతుంది, పిల్లి చెయ్యి దూరదు, ఇంట్లో చెమ్మ లేని మూలకు ఒక్క చేత్తో జరపొచ్చు. ముసురు పట్టినప్పుడు అంతకన్నా తెలివైన కోళ్ళగూడు మరొకటి లేదు. నేర జాతి అని ముద్ర వేయించుకుని, 1952 దాకా ఆ చట్టం నీడలో బతికిన సమూహం చేతుల్లో పుట్టిన వస్తువు అది.

సొంతం కాని కోడి

నిజాం కాలంలో, సంస్థానాల కాలంలో పెరటి కోడి పేదవాడిదే అయినా దాని మీద మొదటి హక్కు వేరేవాళ్ళది. పట్వారీ, పోలీసు, అటవీ ఉద్యోగి ఊళ్ళోకి వస్తే కోడి ఇవ్వాల్సిందే. డబ్బు అడగకూడదు. తెలంగాణ పల్లెల్లో వెట్టి అంటే చాకిరీ ఒక్కటే కాదు, కోడి, గుడ్లు, నెయ్యి, కట్టెలు కూడా. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది భూమి కోసం, అడవి కోసం, ఇలాంటి దోపిడీ ఆగడం కోసం. వెట్టిని చరిత్ర పాఠంలో చదివినప్పుడు దాన్ని ఒక పెట్టగా ఊహించుకోండి. ముసురంతా గంప కింద కాపాడి, తన నోటి నూకలు వేసి పెంచిన పెట్టను ఒక ఉద్యోగి బంట్రోతు కాళ్ళు కట్టి తీసుకుపోవడమే వెట్టి.

చలికాలపు ముసురు

మనది వాన తక్కువ నేల. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ అయినా, వనపర్తి మెట్ట అయినా నైరుతి వానల మీదే బతుకుతుంది. చలికాలంలో మనకు వాన తెచ్చేది బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుపాన్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాను తాకినవి బలహీనపడుతూ లోపలికి వస్తాయి. ఒక్కోసారి రెండుమూడు రోజులు సూర్యుడు కనబడడు. వాన ఒక్కటే అయితే కోడి తట్టుకుంటుంది. చలి ఒక్కటే అయినా తట్టుకుంటుంది. తడి, చలి, ఈదురుగాలి కలిసినప్పుడే మంద కూలుతుంది.

2009 అక్టోబరు మొదటి రోజుల్ని నడిగడ్డ మరిచిపోదు. తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగి అలంపూర్, రాజోలి మునిగాయి. అవతలి ఒడ్డున కర్నూలు నగరం నీళ్ళలో ఉంది. శ్రీశైలం ఆనకట్టకు చరిత్రలో ఎప్పుడూ రానంత వరద వచ్చింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను కోస్తాలో తీరం దాటి, నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచు మండలాల మీద కుండపోతగా కురిసింది. ఇలాంటి వరదల్లో ఇల్లు కూలితే లెక్క రాస్తారు, ఎద్దు పోతే రాస్తారు. కోళ్ళు పోతే ఎవరూ అడగరు, మనమూ చెప్పం. ప్రకృతి విపత్తుల సాయం నిబంధనల్లో మాత్రం కోడికీ చోటుంది. 2022 నుంచి 2026 వరకు వర్తించే కేంద్ర నిబంధనల ప్రకారం కోడికి 100 రూపాయలు, ఇంటికి గరిష్ఠంగా 10,000 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కానీ పది కోళ్ళున్న ఆడమనిషికి అది మళ్ళీ మంద మొదలుపెట్టే పెట్టుబడి.

మునక గురించి చెప్పేటప్పుడు 1981ని కూడా గుర్తుచేసుకోవాలి. శ్రీశైలం జలాశయం కింద మన కొల్లాపూర్, వనపర్తి, అలంపూర్ ప్రాంతాలు, అవతల కర్నూలు జిల్లా కలిపి వందకు పైగా ఊళ్ళు పోయాయి. పోయిన పొలానికి పరిహారం గురించి ఏళ్ళ తరబడి మాట్లాడారు. దిబ్బ, చింతచెట్టు నీడ, గింజ రాలే కల్లం, ఇవన్నీ ఉన్న పెరడుకు ధర కట్టినవాళ్ళు లేరు. పెరడు లేని కాలనీలో మంద నిలవదు.

కొక్కెర తెగులు

పెద్దవాళ్ళు 'కొక్కెర వచ్చింది' అంటే ఊరంతటి కోళ్ళు పోయాయని అర్థం. పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ వంకర తిరగడం, రెండుమూడు రోజుల్లో గంప ఖాళీ. శాస్త్రం దీన్ని రాణిఖేత్ రోగం అంటుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర, జావా దీవిలో దీన్ని గుర్తించారు. ఆ వెంటనే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడి ఆ ఊరి పేరే రోగానికి వచ్చింది. అదే కొండల్లో ఉన్న ముక్తేశ్వరం పరిశోధనా కేంద్రంలో 1940లలో దీనికి టీకా తయారైంది. ఇప్పటికీ పెద్ద కోళ్ళకు వేసే ఆర్2బి టీకా ఆ ముక్తేశ్వరం రకం నుంచి వచ్చిందే.

టీకా పుట్టి 80 ఏళ్ళు గడిచినా మన తండాల్లో కోళ్ళు అదే రోగంతో ఎందుకు పోతున్నాయి? కారణం అజ్ఞానం అనడం తేలిక, కానీ అది నిజం కాదు. టీకా సీసాలో వంద డోసులు, ఆపైన ఉంటాయి. ఒక ఇంట్లో ఎనిమిది కోళ్ళు. సీసాను చల్లగా మంచులో ఉంచి తేవాలి, కలిపిన తర్వాత రెండు గంటల్లోపు వాడేయాలి. అప్పాపూర్ లాంటి అడవిలోపలి పెంటకు మంచు కరగకుండా తీసుకుపోవడం ఎంత కష్టమో మనకు తెలుసు. అంటే ఇది ఒక ఇల్లు చేసుకునే పని కాదు, తండా అంతా ఒకే రోజు కలిసి చేసుకోవాల్సిన పని. ఫారం యజమాని ఒక్కడే వేల కోళ్ళకు సరిపడా కొనుక్కుంటాడు. మనకు ఆ బలం కలిసినప్పుడే వస్తుంది.

దీనికి వలస తోడైంది. దసరా, దీపావళి అయ్యాక పాలమూరు పడుచువాళ్ళు హైదరాబాద్, ముంబై, పుణె పనులకు బస్సెక్కుతారు. సరిగ్గా ముసురు, రోగం వచ్చే నెలల్లో మంద ముసలమ్మల చేతుల్లో, బడిపిల్లల చేతుల్లో మిగులుతుంది. మన దగ్గర పెరటి కోడిని నిలబెట్టినవారు ముఖ్యంగా వాళ్ళే.

పెద్దల పద్ధతులు, వాటి వెనక కారణాలు

పెద్దలు చేసినవాటిలో చాలావాటికి ఇవాళ శాస్త్రం కారణం చెప్పగలదు.

ముసురు పట్టగానే కోళ్ళగూట్లో పొయ్యి బూడిద చల్లేవారు. బూడిద చెమ్మను పీలుస్తుంది, కోడి అందులో పొర్లితే పేలు పోతాయి. తడి పెంట కుళ్ళితే ఘాటు వాయువు లేచి కోడి కళ్ళు, ఊపిరితిత్తులు పాడవుతాయి. తడిలోనే రక్తపు పారుడు క్రిములు పెరిగి, మూడు నుంచి ఆరు వారాల పిల్లల్ని తీసుకుపోతాయి. ఊకగానీ పొడి వేరుశనగ పొట్టుగానీ రెండుమూడు అంగుళాలు పరిచి రోజూ తిరగేస్తే ఈ రెండూ తగ్గుతాయి.

పొద్దుగూకే ముందు గుప్పెడు జొన్నలు వేసేవారు. రాత్రంతా గింజ అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తుంది. చలికాలంలో కోడి ఎక్కువ తింటుంది, పురుగు, గడ్డి బయట తక్కువ దొరుకుతాయి. ఆ తేడాను ఇల్లే పూడ్చాలి.

పిల్లల్ని తల్లితోపాటు గంప కింద వేసి, వంటింటి గోడ దగ్గర పెట్టేవారు. మొదటి వారం పిల్లకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి. తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. తల్లి రెక్క కింద ఆ వేడి ఉంటుంది. తల్లి లేని ఫారం పిల్లలకు బల్బు పెట్టాలి. ముసురులో కరెంటు పోతే ఆ పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి నలిగి చస్తాయి. గోనెసంచులు గాలి వచ్చే వైపు కట్టాలి గానీ గూడంతా మూసేయకూడదు. పైన గాలి పోయే దారి ఉండాలి.

చలికాలంలో పెట్ట గుడ్లు మానేస్తే పాతవాళ్ళు దాన్ని తిట్టేవారు కాదు. నిండుగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. డిసెంబరులో మన దగ్గర పగలు 11 గంటలే. అది రోగం కాదు, విశ్రాంతి.

ఒక్క విషయంలో మాత్రం మన అలవాటు మార్చుకోవాలి. బూజు పట్టిన గింజను 'మనుషులకు పనికిరాదు, కోళ్ళకు వేద్దాం' అంటాం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. వెతికితే కారణం బూజు పట్టిన వేరుశనగ పిండి. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. వేరుశనగ పండే గద్వాల, వనపర్తి ప్రాంతాలవాళ్ళం ఈ సంగతి అందరికన్నా ముందు తెలుసుకోవాలి. వానకు తడిసిన కాయ, మొక్కజొన్న కోడికి మేత కాదు, విషం.

కొత్త కోడి, పాత కోడి

1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధనా సంస్థ మొదలైంది. పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇవి వందకు పైగా పెడతాయి. జాతీయ పశుసంపద మిషన్ కింద పేద కుటుంబానికి 45 పిల్లల చొప్పున విడతలుగా ఇచ్చే పథకాలూ వచ్చాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు 31.7 కోట్లు. అంతకుముందు లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. తెలంగాణలో ఫారం, పెరడు కలిపి సుమారు 8 కోట్ల కోళ్ళున్నాయి.

ఈ రకాలు మంచివే, కానీ ఒక తేడా తెలిసి తీసుకోవాలి. గుడ్లు ఎక్కువ పెట్టడం కోసం వీటిలో పొదిగే గుణాన్ని తగ్గించారు. నాటు పెట్ట గుడ్లు తక్కువ పెట్టినా పొదుగుతుంది, పిల్లల్ని తిప్పుతుంది, గద్దను చూసి అరుస్తుంది. తన మందను తనే తిరిగి పుట్టిస్తుంది. కొత్త రకం మంద ముసలిదైతే మళ్ళీ కొనాలి, లేదా మళ్ళీ పథకం కోసం ఎదురుచూడాలి. అందువల్ల గుడ్ల కోసం కొత్త కోళ్ళు పెంచుకున్నా, పొదగడానికి నాలుగు నాటు పెట్టలు ప్రతి ఇంట్లో ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా భిల్లులు తమ నల్లకోడి కడక్‌నాథ్‌ను వదులుకోలేదు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన అసీల్ జాతి కూడా అలాంటి సంపదే.

వాట చూపిన దారి

తూర్పు గోదావరి కొండల్లో ఆదివాసీ ఆడవాళ్ళకు 'వాట' అనే ఆచారం ఉంది. కోడి లేని ఇంటికి ఒక పెట్టను ఇస్తారు. అది పొదిగి పిల్లల్ని చేశాక పిల్లల్లో వాటా తిరిగి ఇస్తారు. మన దగ్గర 'పాలుకు ఇవ్వడం' అనేది ఇదే. పశువైద్యురాళ్ళు స్థాపించిన ఆంత్ర సంస్థ అక్కడ ఆడవాళ్ళతో కలిసి పనిచేసి, కోళ్ళను చంపేది ముఖ్యంగా కొక్కెర తెగులేనని గుర్తించింది. ఊరి ఆడవాళ్ళకే టీకా వేయడం నేర్పింది. వాట ద్వారా అసీల్ కోళ్ళను మళ్ళీ ఇంటింటికీ చేర్చింది. బయటి నుంచి పిల్లలు తేలేదు, అప్పు ఇవ్వలేదు. ఉన్న ఆచారానికి టీకా తోడైంది, అంతే.

ఆఫ్రికాలోనూ ఇదే జరిగింది. ఆస్ట్రేలియాలో తయారైన ఐ-2 అనే టీకా వేడిని కొంత తట్టుకుంటుంది, కంట్లో చుక్కగా వేయొచ్చు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్ళే దాన్ని వేస్తున్నారు. రోడ్డు లేని ఊళ్ళు అక్కడా ఉన్నాయి. దారి దొరికింది ఊరు కలిసినప్పుడే.

మన చేతిలో ఉన్న పని

2018 చట్టంతో మన తండాలు చాలావరకు గ్రామపంచాయతీలయ్యాయి. తండాకు సొంత పంచాయతీ ఉంది, సర్పంచి ఉన్నాడు, చదువుకున్న పిల్లలున్నారు. ఇప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

పిల్లలకు ఏడో రోజులోపు లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది వేయించాలి. పెద్ద కోళ్ళకు దసరాకు ముందే, వలస బస్సులు కదలకముందే, ఊరంతా ఒక రోజు పెట్టుకుని వేయించాలి. పశువైద్యశాలకు ఫోను చేసి మంచుపెట్టె తెప్పించే పని ఇద్దరు యువకులు తీసుకుంటే చాలు. రోగం వచ్చిన కోడిని సంతకు తీసుకుపోకూడదు, వాగులో పడేయకూడదు. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. మనం తక్కువ ధరకు అమ్మిన రోగపు కోడి పక్క తండా మందను మొత్తం తుడిచేస్తుంది. 2006లో మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది మహారాష్ట్రలో గిరిజనులు ఎక్కువగా ఉన్న నందుర్‌బార్ జిల్లా నవాపూర్‌లో. అప్పుడు పెద్ద ఫారాల కోళ్ళతోపాటు చుట్టుపక్కల ఆదివాసీల పెరటి కోళ్ళనూ చంపారు. కోళ్ళు మూకుమ్మడిగా చస్తే దాచకుండా పశువైద్యుడికి చెప్పడం మనకే మేలు.

ఇంకొక పని యువత మాత్రమే చేయగలదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. ఏ రంగు పెట్టను ఏమని పిలిచేవారు? ముసురులో ఏ ఆకు రసం పోసేవారు? ఏ ఏడు కొక్కెర వచ్చి ఊరి కోళ్ళన్నీ పోయాయి? మళ్ళీ మొదటి పెట్టను ఎవరు పాలుకు ఇచ్చారు? ఫోనులో రికార్డు చేయండి, రాయండి, మాకు పంపండి. తెలుగులో చెప్పినా, గోర్ బోలీలో చెప్పినా, ఎరుకల భాషలో చెప్పినా సరే. సంస్థానాల చరిత్ర శాసనాల్లో ఉంది. మన చరిత్ర పెద్దవాళ్ళ నోటి మీద ఉంది, వాళ్ళు ఉన్నంతకాలమే ఉంటుంది.

వచ్చే దసరాకు ముందు మీ తండాలో, మీ పెంటలో టీకా రోజు ఎప్పుడు పెట్టుకుంటారో ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి.